గుంటూరు సిస్టరు డాక్టరమ్మ



మన పల్లెల నుండి హైదరాబాదు వెళ్ళి మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు హాస్టళ్ళలో ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్న బిడ్డలు ఇంచుమించు ప్రతి సంఘములోనూ ఉన్నారు. ఒకప్పుడు అక్కడ రాళ్ళగుట్టలు తప్ప మరేమీ ఉండేవి కావు. 1998లో ఆనాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుండి ఆ ప్రాంతము రూపే మారిపోయింది. కంప్యూటరు కంపెనీల వెంట పెద్ద పెద్ద ఆసుపత్రులు కూడా వచ్చినవి. వాటిలో నర్సులుగా పనిచేస్తున్న మన గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల ఆడపిల్లలు తక్కువమందేమీ కారు. సెలవుకు ఇంటికి వచ్చి ఆదివారము గుడిలో ముందు వరుసలో కూర్చుంటారు, సోమవారము మళ్ళీ బస్సెక్కుతారు.

మన ఇళ్ళలో ఆడపిల్లను నర్సింగుకు పంపే అలవాటు ఎక్కడ నుండి వచ్చినది? అమ్మమ్మల కాలములో ఆసుపత్రి పని అంటే కులము చెడుతుందని, పెండ్లి కాదని భయపడిన ఇళ్ళు ఎన్నో ఉండేవి గదా! ఈ ప్రశ్న పట్టుకొని వెనుకకు నడిస్తే దారి గుంటూరు మిషను ఆసుపత్రుల దగ్గరకు తీసుకొని వెళ్తుంది. ఆ ఆసుపత్రులలో ఒకదాని వెనుక ఉన్న ఒక స్త్రీని గూర్చి ఈ నెల వ్రాయదలచుకొన్నాము. ఆమె ఆస్ట్రేలియా దేశస్థురాలు, ఎం.డి. పట్టా ఉన్న డాక్టరు, రోమన్ కాథలిక్ కన్యస్త్రీ. పేరు మేరీ గ్లౌరీ. మఠములో ఆమెకు పెట్టిన పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్.

మన పత్రికలో కాథలిక్ కన్యస్త్రీ సంగతేమిటని కొందరు పెద్దలు అడుగుతారని మాకు తెలుసు. మన పల్లెలలో ఆర్.సి.ఎం. గుడి ఒక వీధిలో, మన గుడి మరొక వీధిలో ఉంటవి. క్రిస్మసుకు ఒకరికొకరు కేకు ముక్క పంపుకుంటాము గాని పెండ్లి సంబంధము దగ్గరకు వచ్చేసరికి బాప్తిస్మము ఎక్కడ, ఫాదరా పాస్టరా అని పేచీ మొదలవుతుంది. పునీతులకు మనము ప్రార్థన చేయము. దేవునికి, నరులకు మధ్యవర్తి ఒక్కడేనని నమ్మిన వారము (1 తిమోతి 2:5). ఆ విషయములో మా మనస్సు ఏమీ మారలేదు. అయితే మనకంటె ముందు విశ్వాసముతో నడిచిన వారిని తలచుకొనమని హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయము మనకు నేర్పుతున్నది. ఆ జాబితాలో రాహాబుకు కూడా చోటు దొరికినది మరి!

కాలిన్స్ వీధి నుండి

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రములో బిర్రెగుర్రా అను చిన్న ఊరిలో జన్మించారు. తొమ్మిదిమంది బిడ్డలలో మూడవ సంతానము. తరువాత ఆ కుటుంబము వాచెమ్ అను మారుమూల ఊరిలో స్థిరపడింది. ఎండ, దుమ్ము, గోధుమ చేలు ఉన్న ఊరు. అక్కడ నుండి ఆమె స్కాలర్‌షిప్పు మీద మెల్బోర్న్ నగరానికి చదువుకు వెళ్ళారు. ఆడపిల్లను దూరముగా చదువుకు పంపిన రైతు పల్లెల తల్లిదండ్రుల గుండె దడ ఎటువంటిదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

మొదట ఆర్ట్స్ కోర్సులో చేరి, తరువాత వైద్యవిద్యకు మారి 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టా పొందారు. ఆ రోజులలో పట్టా ఉన్నా స్త్రీకి ఆసుపత్రిలో చోటు దొరకడము కష్టముగా ఉండేది. 1911లో న్యూజీలాండు దేశములోని క్రైస్ట్‌చర్చి ఆసుపత్రిలో పనిచేసి, తిరిగి వచ్చి మెల్బోర్న్‌లో కంటి ఆసుపత్రిలోను, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోను సేవ చేశారు. కాలిన్స్ వీధిలో సొంతముగా ప్రాక్టీసు పెట్టారు. పేరున్న డాక్టర్లు బోర్డు కట్టుకొనే వీధి అది. నేటి మాటలో చెప్పాలంటే జూబ్లీ హిల్స్‌లో క్లినిక్ తెరిచినట్లు. 1916లో కాథలిక్ స్త్రీల సాంఘిక సేవా సమాజము ఆరంభమైనప్పుడు దాని మొదటి అధ్యక్షురాలిగా ఆమెనే ఎన్నుకొన్నారు. ముప్పై ఏళ్ళయినా నిండలేదు.

అంతకు కొద్ది నెలల ముందే, 1915 అక్టోబరులో, ఒక చిన్న పుస్తకము ఆమె చేతికి వచ్చినది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అను స్కాట్లండు డాక్టరు జీవితమును గూర్చినది. ఈ ఆగ్నెస్ గారి కథ కూడా మన పాఠకులు తెలిసికొనదగినదే. ఆమె ఎడింబరోలో ప్రెస్బిటేరియను కుటుంబములో పుట్టినది. స్వదేశములో స్త్రీలకు వైద్య పట్టా ఇవ్వని రోజులలో ఫ్రాన్సు దేశము వెళ్ళి 1878లో డాక్టరయినది. అరవై ఏళ్ళు దాటిన తరువాత కాథలిక్ సంఘములో చేరి, ఆ వయస్సులో హిందూదేశము వచ్చి, నేడు పాకిస్తానులో ఉన్న రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రికి పునాది వేసినది. ఘోషాలో ఉన్న స్త్రీలు మగ డాక్టరుకు నాడి కూడా చూపించరని, కాన్పు అడ్డము తిరిగితే మంత్రసాని చేతిలో తల్లీబిడ్డా పోతున్నారని ఆమె కళ్ళారా చూచినది. ఆసుపత్రి నడపడానికి జీవితాంతము నిలిచి ఉండే స్త్రీలు కావాలి. కన్యస్త్రీలైతే ఉంటారు. కాని అప్పటి కాథలిక్ సంఘ చట్టము కన్యస్త్రీలను డాక్టర్లుగా పనిచేయనిచ్చేది కాదు. ముఖ్యముగా కాన్పుల పని కన్యస్త్రీలకు తగదనుకొనేవారు. ఈ నియమము తీసివేయమని ఆగ్నెస్ గారు రోమాపురికి పలుమార్లు వెళ్ళి విన్నవించుకొని, ఫలితము చూడకుండానే 1913లో కన్నుమూశారు.

ఈ పుస్తకము చదివిన దినముననే మేరీ గ్లౌరీ తన జీవితపు పని ఇదేనని నిశ్చయించుకొన్నారు. అయినా మరునాడు ఓడ ఎక్కలేదు. యూరపులో యుద్ధము జరుగుచున్నది. మగ డాక్టర్లు యుద్ధానికి పోగా మెల్బోర్న్ ఆసుపత్రులకు ఆమె వంటివారు కావలసి ఉన్నది. నాలుగేళ్ళకు పైగా ఆగారు. ఆ నాలుగేళ్ళు ఊరకే కూర్చొనలేదు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి జబ్బులు, ఈ మూడింటిలో పై చదువు చదివి 1919లో ఎం.డి. పట్టా సంపాదించారు. ఏ ఊరికి పోతున్నదో, అక్కడ ఏ జబ్బులు చంపుతున్నవో, ఏవి గ్రుడ్డివారిని చేస్తున్నవో తెలిసికొని, దానికి సరిపడా చదువుకొని బయలుదేరిన మనిషి ఆమె. పిలుపు వచ్చినదని చదువు మానివేసే మన యౌవనస్థులు ఈ మాట కాస్త ఆలోచించాలని మా మనవి.

1920 జనవరిలో ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. అప్పటికి ఆమెకు 32 ఏళ్ళు. తిరిగి స్వదేశము చూడలేదు. తండ్రి, తల్లి, తోబుట్టువులు అందరూ ఉత్తరాలలోనే మిగిలిపోయారు.

ఆగమన్న చోట ఆగి

గుంటూరులో అప్పటికే జె.ఎం.జె. సభ కన్యస్త్రీలు ఉన్నారు. యేసు, మరియ, యోసేపుల పేరిట 1822లో హాలెండు దేశములో స్థాపించబడిన సభ అది. 1904లో వారు గుంటూరు వచ్చారు. ఏలూరు సెయింట్ థెరీసా కాలేజీ, తెనాలి జె.ఎం.జె. కాలేజీ వారు నడుపుచున్నవే. మన ఆడపిల్లలు ఎందరో వాటిలో చదివి టీచర్లయ్యారు.

ఆ మఠములో ఈ పెద్ద డాక్టరు అందరికంటె చిన్న స్థానములో చేరారు. కన్యస్త్రీ కావడానికి శిక్షణ కాలము ఉంటుంది. ఎం.డి. చదివిన మనిషి, సొంత ప్రాక్టీసు ఉన్న మనిషి, మఠ పెద్దలు చెప్పిన పని చెప్పినట్లు చేస్తూ గడిపారు. ఆమె వైద్యము చేయుటకు అప్పటి పోపు పదిహేనవ బెనెడిక్టు గారు ప్రత్యేకముగా అనుమతి ఇచ్చారు. మాట పట్టుబడి పూర్తిస్థాయిలో వైద్యములో నిలిచినది 1922 నుండి.

ఈ భాగము వ్రాసేటప్పుడు మేము తటపటాయించాము. బయట తల్లులు చనిపోతుంటే, చేతిలో మందు ఉన్న మనిషిని చట్టము పేరిట ఆపుట మా మనస్సుకు ఇమడలేదు. విశ్రాంతి దినమున స్వస్థపరచుటకు ప్రభువు ఎవరి అనుమతి కొరకు ఆగలేదు గదా! ఆమె మాత్రము తిరుగుబాటు చేయలేదు, వెళ్ళిపోనూ లేదు. ఒక అనుమతి ఆమెకు దొరికినది. కన్యస్త్రీలు అందరికీ ఆ తలుపు తెరుచుకొన్నది 1936లో, అంటే ఆమె గుంటూరు వచ్చిన పదహారేళ్ళకు. ఆ పదహారేళ్ళలో నియమము గూర్చి ఆమె వాదనతో కంటె, గుంటూరులో ఆమె చేసిన పనితోనే ఎక్కువ జవాబు వచ్చినదని మాకు తోచుచున్నది.

కాథలిక్ సంఘమును ఇట్లు తప్పుపట్టి ఊరుకొంటే న్యాయము కాదు. మన వాళ్ళూ తక్కువ తినలేదు. గుంటూరులో లూథరన్ మిషను డాక్టరు అన్నా సారా కుగ్లర్ గారి పేరు తెలియని పాఠకులుండరు. 1879లో అమెరికాలో డాక్టరు పట్టా పొందిన ఆ తల్లి, వైద్యము కొరకు పంపమని అడిగితే మిషను బోర్డు ఒప్పుకొనలేదు. స్త్రీని డాక్టరుగా పంపుటకు తాము సిద్ధముగా లేమన్నారు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పే టీచరుగా అయితే వెళ్ళవచ్చునన్నారు. సరేనని 1883లో టీచరుగానే గుంటూరు వచ్చి, మందుల పెట్టె వెంట తెచ్చుకొని, పాఠము చెప్పిన ఇళ్ళలోనే రోగులను చూచుట మొదలుపెట్టారు. రెండేళ్ళకు, 1885లో, బోర్డువారు ఆమెను వైద్య మిషనరీగా ఒప్పుకొన్నారు. తరువాత కుగ్లర్ ఆసుపత్రి లేచినది.

లెక్క చూడండి. కుగ్లర్ గారు గుంటూరు వచ్చిన 37 ఏళ్ళకు మేరీ గ్లౌరీ వచ్చారు. కుగ్లర్ గారు 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. అంటే పదేళ్ళపాటు ఒకే పట్టణములో ఈ ఇద్దరు స్త్రీ డాక్టర్లు ఉన్నారు. ఒకరు లూథరను, ఒకరు కాథలిక్కు. ఇద్దరూ పెండ్లి చేసుకొనలేదు. ఇద్దరినీ వారివారి సంఘ పెద్దలే మొదట ఆపారు. పొలాల మీదుగా ఎడ్లబండిలో పురిటి నొప్పులతో వచ్చిన తల్లికి బండి ఏ గేటు ముందు ఆగితే అది ఆసుపత్రి. ఆ బండి తోలినవాడు ఆర్.సి.ఎం.? లూథరనా? ఎవరడిగారు!

వరండా నుండి ఆసుపత్రి

ఆ కాలము ఎటువంటిదో ఒక్కసారి తలచుకొనవలెను. 1921లో గుంటూరు జిల్లా సహాయ నిరాకరణతో, చీరాల పేరాల సత్యాగ్రహముతో అట్టుడుకుతున్నది. తెల్లవారంటే జనానికి అనుమానము. పెన్సిలిన్ మందు సామాన్యులకు అందేది ఇంకా ఇరవై ఏళ్ళకు పైమాట. కాన్పు తరువాత జ్వరము వస్తే చేతులు కడుక్కొనుట, శుభ్రమైన గుడ్డ, నమ్మకమైన నర్సు, ప్రార్థన, ఇవే మందులు. అటువంటి చోట చిన్న మందుల గదితో మొదలైన పని సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగినది. చాలా ఏళ్ళపాటు అక్కడ డాక్టరు ఆమె ఒక్కరే. పగలు వచ్చిన రోగులు, రాత్రి వచ్చిన కాన్పులు, పల్లెలకు పోయి చూడవలసిన వారు, అన్నిటికీ రెండు చేతులే. ఆమె గుంటూరులో గడిపిన సంవత్సరాలలో ఆ ఆసుపత్రి గుమ్మము ఎక్కిన రోగులు లక్షలలో ఉన్నారు.

ఒక్కతే ఎంతమందిని చూడగలదు? అందుకే మొదటి నుండి స్థానిక ఆడపిల్లలను దగ్గర పెట్టుకొని మందులు కలుపుట, కట్లు కట్టుట, కాన్పు చేయుట నేర్పించారు. ఇక్కడి మూలికా వైద్యమును కూడా తీసిపారవేయక శ్రద్ధగా పరిశీలించారు. తెలుగు పల్లెలలో పుట్టిన అమ్మాయి తెల్ల చీర కట్టుకొని, గడియారము చూచి నాడి లెక్కపెట్టి, డాక్టరుకు జ్వరము ఎంతో చెప్పుట ఆనాడు ఒక వింత. మేము పైన అడిగిన ప్రశ్నకు జవాబులో పెద్ద పాలు ఇక్కడే ఉన్నది. కుగ్లర్ ఆసుపత్రిలోను, సెయింట్ జోసఫ్‌లోను, ఆ జిల్లాల ఇతర మిషను ఆసుపత్రులలోను నేర్చుకొన్న నర్సులు తమ చెల్లెళ్ళను, మేనకోడళ్ళను, కూతుళ్ళను ఆ దారిలో పెట్టారు. నెలజీతము తెచ్చే కూతురును చూచిన తరువాత గాని ఇంటి పెద్దల భయము తీరలేదు. గచ్చిబౌలి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే మన అమ్మాయి ఆ వరుసలో మూడవ తరమో నాలుగవ తరమో అయి ఉంటుంది.

రెండవ ప్రపంచ యుద్ధము నడుమ, 1943లో, మేరీ గ్లౌరీ మరొక పని తలపెట్టారు. దేశములో కాథలిక్ ఆసుపత్రులు, డిస్పెన్సరీలు మారుమూలల్లో ఎవరికి వారుగా ఉన్నవి. ఒక సిస్టరు ఒక అడవి ప్రాంతములో చిన్న మందుల కొట్టు వంటిది నడుపుతుంది. మందు దొరకదు, శిక్షణ లేదు, సందేహము వస్తే అడిగేందుకు మనిషి లేదు. వీరందరూ చేతులు కలపాలని ఆమె కోరిక. పదహారుమంది సిస్టర్లు గుంటూరులో కూడి కాథలిక్ హాస్పిటల్ అసోసియేషన్ అను సంఘమును ఏర్పరచారు. యుద్ధ కాలము, రైళ్ళు సైన్యముతో నిండి ఉన్నవి, చేతిలో డబ్బు లేదు. పదహారుమందే.

ఆ సంఘమే తరువాత కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అయినది. దాని కేంద్ర కార్యాలయము ఇప్పుడు సికింద్రాబాదులో ఉన్నది. దేశములోని మూడువేల అయిదువందలకు పైగా ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు, సేవా సంస్థలు అందులో సభ్యులుగా ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగము చిన్నచిన్న పల్లె డిస్పెన్సరీలే. జంటనగరాలలో ఒక కొసన హైటెక్ సిటీ అద్దాల మేడలు, వాటి పక్కన లక్షల బిల్లు వేసే ఆసుపత్రులు ఉండగా, మరొక కొసన ఈ కార్యాలయము కూర్చొని పాము కాటుకు మందు, క్షయకు మందు ఏ కొండ ఊరికి అందలేదో చూచుకొంటున్నది. సైబర్ టవర్స్ బొమ్మ మన పాఠశాల పుస్తకాలలో ఉన్నది. ఈ సంగతి మాత్రము హైదరాబాదు వాసులకే అంతగా తెలియదు.

కార్పొరేటు ఆసుపత్రులను తిట్టుట మా ఉద్దేశము కాదు. అక్కడ బ్రతికి బయటపడిన వారు మన సంఘాలలోనూ ఉన్నారు. అయితే మన తల్లిదండ్రులు ఎకరము అమ్మి, రెండెకరాలు తాకట్టు పెట్టి పిల్లలను చదివిస్తున్నారు. మెడికల్ సీటు వచ్చినదని గుడిలో కృతజ్ఞతార్పణ ఇస్తారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఆ చదువు ఎవరికి పనికి రావాలి అను ప్రశ్న మాత్రము ఆ రోజు ఎవరూ అడగరు. అప్పు తీరాలి గదా అంటారు. నిజమే, తీరాలి. మేరీ గ్లౌరీకి అప్పు లేకపోవచ్చును, స్కాలర్‌షిప్పు ఉన్నది. అందుచేత ఆమెతో మన బిడ్డలను పోల్చుట సరికాదని ఎవరైనా అంటే మేము కాదనలేము. కాని అప్పు తీరిన తరువాతి సంగతి ఏమిటి?

ఆమె ఆశలలో ఒకటి ఆమె బ్రతికి ఉండగా తీరలేదు. కాథలిక్కులకు ఒక వైద్య కళాశాల ఉండాలని ఎంతో కోరారు. వేలూరులో ఇడా స్కడ్డర్ గారు 1918లోనే స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచారు, మన ప్రొటెస్టెంటు సంఘాలన్నీ కలిసి దానిని మోశాయి. అటువంటిది తమకు లేదన్న కొరత ఆమెకు ఉండేది. బెంగుళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ 1963లో మొదలైనది. అప్పటికి ఆమె పోయి ఆరేళ్ళు.

బెంగుళూరులోనే 1957 మే 5న, వ్యాధితో బాధపడి, 69వ ఏట ఆమె కన్నుమూశారు. తెలుగు నేలకు వచ్చి 37 ఏళ్ళు. ఆమెను అక్కడనే సమాధి చేశారు.

2013 మార్చి 27న గుంటూరులో ఆమెను కాథలిక్ సంఘము వారు దైవ సేవకురాలిగా ప్రకటించారు. వారి పద్ధతిలో పునీతురాలు అను మాటకు అది మొదటి మెట్టు. కేరళకు చెందిన అల్ఫోన్సా గారు 2008లో, కలకత్తా మదర్ థెరిసా గారు 2016లో ఆ మెట్లన్నీ దాటి పునీతులనిపించుకొన్నారు. మేరీ గ్లౌరీ గారికి ఇంకా మెట్లున్నవి. ఆమె ప్రార్థన వలన అద్భుతము జరిగినట్లు రోమాపురి వారు విచారించి రుజువు చేసికొనవలెను. మన విశ్వాసము ప్రకారము ఈ విచారణ మనకు అక్కరలేదు. పౌలు తన పత్రికలలో సంఘస్థులందరినీ పరిశుద్ధులనే పిలిచాడు. కాని ఆమెను ఎరిగిన వారి సాక్ష్యాలు పోగుచేసి, ఉత్తరాలు వెదకి, తేదీలు సరిచూచి భద్రపరచుచున్న వారి శ్రద్ధను మాత్రము మనము మెచ్చుకొని తీరాలి. మన సంఘాలలో పాత మిషనరీ తల్లుల సమాధుల మీద పేర్లు చెరిగిపోతున్నవి. మన బైబిలు స్త్రీల పేర్లు, కుగ్లర్ గారి దగ్గర నేర్చుకొన్న మొదటి తెలుగు నర్సుల పేర్లు ఎవరి దగ్గర ఉన్నవి? మినిట్సు పుస్తకాలు చెదలు తింటున్నవి.

అందుచేత పాఠకులకు ఒక మనవి. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, బాపట్ల ప్రాంతాల కుటుంబాలలో 1957కు ముందు సెయింట్ జోసఫ్‌లో గాని కుగ్లర్ ఆసుపత్రిలో గాని పుట్టినవారు ఇంకా ఉన్నారు. అక్కడ నర్సు శిక్షణ పొందిన నాయనమ్మలు, అమ్మమ్మలు కొద్దిమందైనా ఉండవచ్చును. వారిని కూర్చోబెట్టి అడగండి. ఎవరి చేతులలో పుట్టారో, ఎడ్లబండిలో వెళ్ళారో నడిచి వెళ్ళారో, ఆసుపత్రిలో ఏమి పెట్టారో, డాక్టరమ్మ తెలుగు ఎట్లా మాట్లాడేదో చెప్పమనండి. హైదరాబాదులో ఉన్న మనుమలు సెలవులకు వచ్చినప్పుడు వారి సెల్‌ఫోనులో ఆ మాటలు రికార్డు చేయించండి. కాగితము మీద వ్రాయగలిగితే పేరు, ఊరు, జ్ఞాపకము ఉంటే సంవత్సరము వేసి మాకు పంపండి. వ్రాత సరిగా లేకపోయినా ఫరవాలేదు.